రానుపోను ఖర్చులు

మా అత్తగారింట్లో సంక్రాంతి భోజనాలంటే అరిసెల కంటే ముందు వాదన వడ్డిస్తారు. ఈసారి వడ్డించింది యూరప్ సముద్రతీరం. మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని, అమ్మానాన్నలను ఎక్కడికైనా పంపుదామని పిల్లలు చందాలు వేసుకున్నారు. ఎక్కడికన్నది తేలింది. ఎట్లా అన్నది మాత్రం తేలలేదు. ప్యాకేజీలోనా, సొంతంగానా?

ప్యాకేజీ పక్షానికి నాయకుడు మా తోడల్లుడు. వయసులో పెద్దవారు, నేను అన్నయ్యగారూ అంటాను. రెండేళ్ల కిందట పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు చుట్టొచ్చారు. ఫ్రాన్సులో నీస్ మొదలుకొని ఇటలీలో అమాల్ఫీ దాకా తీరమంతా బస్సు అద్దంలోంచి చూశారు. నీస్ బీచ్ ఎట్లా ఉందని అడిగితే, "ఇసుకే లేదు తమ్ముడూ, అన్నీ గులకరాళ్లు. దానికంటే మన కిన్నెరసాని వాగు నయం" అన్నారు. పోజితానోలో గైడు నలభై నిమిషాలిచ్చిందట. పన్నెండు నిమిషాలు బాత్రూం వరసలో పోగా, మిగిలిన ఇరవై ఎనిమిదిలో నలభై ఫొటోలు తీశారు. ఆ లెక్కలో ఆయనకు లాభమే కనిపిస్తుంది. పీసా గోపురం సంగతి అడిగితే "ఒరిగింది" అని ఊరుకున్నారు. ఆ రాత్రి హోటల్లో వడ్డించిన పప్పన్నం సంగతి అడిగితే పావుగంట చెప్పారు.

అన్నిటికంటే ఆయన మనసులో నిలిచిపోయింది గైడమ్మ ఎత్తి పట్టుకున్న పసుపు గొడుగు. పన్నెండు రోజులూ దాన్ని తెరిచింది లేదు. "ఆ గొడుగు వెనక నడిచినన్నాళ్లూ నాకే బెంగా లేదు తమ్ముడూ" అంటారు. చిన్నప్పుడు తిరునాళ్లలో నాన్న చెయ్యి పట్టుకుని నడిచిన హాయి అరవై ఏళ్లకు మళ్లీ దొరికిందంటే లక్షలు పోసినా తప్పులేదు.

సొంత యాత్ర పక్షానికి నాయకుడు మా బామ్మర్ది. పుట్టింది ఖమ్మంలోనే గానీ, చదువంతా హాస్టళ్లలో, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇటలీ తీరంలో చింక్వే తెర్రె అనే ఐదూళ్ల గుంపుకు భార్యాభర్తలిద్దరే వెళ్లొచ్చారు. మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే అని ఆ ఊళ్ల పేర్లు అష్టోత్తరంలా చదువుతాడు. వాటిలో కోర్నీల్యా కొండ మీదుంది. స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు. చక్రాల సూట్‌కేసుకు మెట్ల మీద చక్రాలుండవన్న సత్యం ముప్ఫయ్యో మెట్టు దగ్గర బోధపడిందట. పైకెక్కాక ఇంటి తాళం నంబరు ఫోనుకు రావాలి. ఫోనులో సిగ్నల్ లేదు. గుమ్మంలో గంటన్నర కూర్చున్నారు. "అదే బావా స్వేచ్ఛంటే" అన్నాడు వాడు. పక్కనున్న మరదలు ముఖం చూస్తే ఆ స్వేచ్ఛలో ఆమె వాటా ఎంతో అర్థమైంది.

అక్కడ రెండూళ్ల మధ్య సముద్రం పక్కన ప్రేమబాట అని ఒక కాలిదారి ఉంది. 2012లో కొండరాళ్లు విరిగిపడి మూతబడింది. బాగుచేసి 2024లో తెరిచారు. ఇప్పుడు అందులో నడవాలంటే టికెట్టు కొనాలి, ఏ వేళకొస్తామో ముందే చెప్పుకోవాలి. ప్రేమకు కూడా స్లాటు పెట్టిన దేశంలో మావాడు స్వేచ్ఛగా తిరిగొచ్చాడు. ఆ స్వేచ్ఛ కోసం మూడు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుని గంటగంటకూ గళ్లు గీశాడు. గొడుగు గైడు చేతిలో ఉంటే బానిసత్వమట, అదే గొడుగు ఫోన్లో నీలిచుక్కై కదిలితే స్వాతంత్ర్యమట.

అయినా వీసా ఆఫీసు ముందు ఈ రెండు పక్షాలకూ తేడా లేదు. షెంగెన్ వీసాకు 90 యూరోలు కట్టాలి, 30,000 యూరోలకు తగ్గకుండా వైద్యబీమా చూపాలి, ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో రాసివ్వాలి. అన్నీ రాసిచ్చాక, ఇక మీ ఇష్టమొచ్చినట్టు తిరగండంటారు.

మా మామగారు రిటైర్డ్ హెడ్‌మాస్టరు. తీర్పు చెప్పేముందు పాఠం చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు.

"ఈ గుంపు యాత్రల వ్యాపారానికి ఆద్యుడు థామస్ కుక్. 1841 జూలై 5న ఇంగ్లండులో లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ఐదు వందల మందిని రైలెక్కించాడు. మనిషికి ఒక షిల్లింగు, రానుపోను. ఎందుకు తీసుకెళ్లాడో తెలుసా? మద్యం మానేయండని చెప్పే సభకు!"

ఎయిర్‌పోర్టులో మందు సీసాలు ఎక్కడ చవకో గ్రూపు మొత్తానికీ చెప్పిన ఘనత మా తోడల్లుడిది. ఆయన గోంగూర వైపు చూస్తూ ఉండిపోయారు.

"మనవాళ్లలో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, దారంతా రాసిపెట్టాడు. సొంత యాత్రే. కానీ వెంట బంధువులు, బోయీలు, నౌకర్లు కలిపి వందమంది దాకా ఉన్నారు. సొంతమంటే ఒంటరి అని కాదురా" అని కొడుకు వైపు తిరిగారు. "లక్షలు తగలేసే ముందు వందల్లో పరీక్ష పెట్టుకోండి. గోదారి గట్టు కూడా తీరమే. ఒకరు ప్యాకేజీలో రండి, ఒకరు సొంతంగా రండి. పాపికొండలు చూసొచ్చి అప్పుడు మాట్లాడండి."

అత్తగారిది మూడో పక్షం. "నేనెక్కడికీ రాను. మొన్నామధ్య 151 రూపాయలు కడితే రాముడి కల్యాణ తలంబ్రాలు ఆర్టీసీ కార్గోలో గుమ్మంలోకే వచ్చాయి. దేవుడే బయల్దేరి వస్తుంటే నేనెందుకు కదలాలి?" అని మజ్జిగ పోసింది. ఆమె వాదనకు జవాబు లేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ప్యాకేజీ టెంపోలో మేమూ తోడల్లుడి కుటుంబమూ ఎక్కాం. రెండు పగళ్లు, ఒక రాత్రి. గైడు మీసం ఇంకా సరిగా రాని కుర్రాడు. చేతిలో గొడుగు లేదు గానీ మైకుంది.

మొదటి రోజు భద్రాచలం. గుడి మెట్ల దగ్గర కుర్రాడు రామదాసు కథను మూడు నిమిషాల్లో ముగించాడు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీల్దారు, సర్కారు సొమ్ముతో గుడి కట్టడం, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు, చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వెళ్లి తానీషాకు ఆరు లక్షలు చెల్లించి రసీదు తీసుకోవడం. "సార్, ప్యాకేజీలో లేని ఖర్చులు తర్వాత ఎవరి నెత్తిన పడతాయో ఈ కథ చెబుతుంది" అని ముగించి, ప్రత్యేక దర్శనం టికెట్టు మనమే కొనుక్కోవాలని నెమ్మదిగా చెప్పాడు. మైకు పట్టుకున్నవాడికి ఇంత సాహిత్యం తెలుసని నేననుకోలేదు.

పర్ణశాలకు ఇరవై నిమిషాలిచ్చాడు. ఇదిగో సీతమ్మ చీరలారేసిన రాయి, అదిగో పసుపు కుంకుమల రాళ్లు, అల్లదిగో బంగారు లేడి. లేడి సిమెంటుది. ఫొటోలు మాత్రం దానితోనే ఎక్కువ దిగారు. అక్కడ నిలబడితే నాకొక సంగతి తోచింది. మన మొదటి సొంత యాత్ర రాముడిదే. బుకింగు లేదు, బస ఎక్కడో తెలియదు, ఆకులు కప్పుకుని గుడిసె తామే వేసుకున్నారు. ఒక్క షాపింగ్ మోజు పుట్టింది, యాత్ర మొత్తం తలకిందులైంది. ఈ గీత దాటితే మా బాధ్యత కాదని కంపెనీలు చిన్నచిన్న అక్షరాల్లో అచ్చువేసే షరతును లక్ష్మణుడు ఆనాడే నేల మీద పెద్దగా గీశాడు. అయినా ఎవరు చదివారు? తిరుగు ప్రయాణానికి మాత్రం ప్రత్యేక విమానం దొరికింది. అన్ని సొంత యాత్రలకూ అంత మంచి ముగింపు ఉండదు.

ఆ రాత్రే బామ్మర్ది సికింద్రాబాద్‌లో రైలెక్కాడు. ఫోన్లో వెతికితే భద్రాచలం పేరుతో ఒకే స్టేషన్ కనిపించిందట, భద్రాచలం రోడ్. తెల్లారకముందే దిగి మెసేజ్ పెట్టాడు: "చేరిపోయా. గోదావరి ఏ పక్క?" మేం లాడ్జిలో పక్కలు పట్టుకుని నవ్వాం. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. బయట ఆటోవాలాను అడిగాడట.

"గోదారా? ఇంకా నలభై కిలోమీటర్లుంది సార్."

"మరి బోర్డు మీద భద్రాచలం అనుంది?"

"మొత్తం చదవండి సార్. భద్రాచలం రోడ్ అని ఉంటది. ఊరు అక్కడ, ఇది రోడ్డు."

ఇటలీలో ఐదూళ్ల పేర్లు తడుముకోకుండా చెప్పేవాడు సొంత గడ్డ మీది స్టేషన్ దగ్గర ఓడిపోయాడు. బొగ్గు లారీల వెనకాల దుమ్ము తింటూ, పాల్వంచ మీదుగా మూడు బండ్లు మారి గోదావరి వంతెన దాటాడు.

రెండో రోజు మా టెంపో తూర్పు దారి పట్టింది. భద్రాచలం దాటి టీ చల్లారేలోపే ఎటపాక వచ్చింది. అక్కడ రాష్ట్రం మారుతుంది. షెంగెన్ అంటే ఇదేనని తోడల్లుడు ఉత్సాహపడ్డారు. వీసా లేదు, ముద్ర లేదు, టెంపో డ్రైవరు మాత్రం పర్మిట్టు కాగితాలు తడుముకున్నాడు. 2014లో పోలవరం ఆనకట్ట కోసం ఏడు మండలాలను ఆంధ్రకు కలిపినప్పుడు భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటే తెలంగాణలో మిగిలింది. గుడి ఇటు, గుడి మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే అటు. సొంత పొలం గట్టు మీదికి వెళ్లాలంటే రాముడు కూడా రాష్ట్రం దాటాలి. పద్నాలుగేళ్లు అడవుల్లో తిరిగినవాడికి ఇదొక లెక్కా అంటే, అప్పుడు సరిహద్దులు లేవు.

ప్రయాణాల్లో కెల్లా గొప్ప ప్రయాణం ఈ ఊళ్లదే. గడప దాటకుండానే తిరిగాయి. ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లా, 1959లో ఖమ్మం జిల్లా, 2014లో మళ్లీ తూర్పుగోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మంచం కదిలింది లేదు, దూడ కట్టిన గుంజ కదిలింది లేదు. జిల్లాలే వాళ్ల ఇంటి ముందు నుంచి బస్సుల్లా వెళ్లిపోయాయి. ఆ యాత్రకు గైడు గెజిట్టు. అది ఏ భాషలో మాట్లాడుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు.

కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. మా ప్యాకేజీలో ఆ సంగమం లేదు. టెంపో ఆగలేదు, "కుడివైపు చూడండి" అని గైడు అనేసరికే వెనకబడింది. బామ్మర్ది ఎక్కిన జీపు మాత్రం సరిగ్గా అక్కడే పంక్చరైంది. టైరు మార్చేదాకా ముప్పావుగంట ఒడ్డున కూర్చున్నాడు. రెండు నీళ్లూ కలిసీ కలవకుండా ఎట్లా నడుస్తాయో, వలలు దులిపే మనిషి ఏ చేప ఏ నీటిదో ఎట్లా చెబుతాడో తర్వాత మాకు కళ్లకు కట్టినట్టు చెప్పాడు. మూడు నెలలు గళ్లు గీసి వెళ్లిన ఇటలీ గురించి వాడు ఒక్కసారీ అంత బాగా చెప్పలేదు. ఆ తర్వాత అడవిలో ఫోను చచ్చిపోయింది, నీలిచుక్క ఆగిపోయింది. దారిలో కనిపించిన వాళ్లనల్లా పడవలెక్కే పోచవరం ఎంత దూరమని అడిగాడు. "దగ్గరే" అన్నారందరూ. ఐదు కిలోమీటర్లయినా పాతికయినా ఈ అడవిలో కొలత ఒక్కటే.

చివరికి ఇద్దరం కలిసింది ఎక్కడ? పోచవరం రేవులో, ఒకే పడవలో! గోదావరి మీద సొంత యాత్రకు వీల్లేదు. టికెట్టు కొనాలి, పేరు రాయించాలి, చెప్పిన చోట కూర్చోవాలి. లైఫ్ జాకెట్ తొడుక్కునేదాకా పడవ కదల్లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి దాదాపు 50 మంది చనిపోయారు. ఆ జాకెట్ మీద మాత్రం నేను హాస్యం రాయను.

పడవ కదలగానే పైన పాటలు మొదలయ్యాయి. గోదావరి మీద పడవంటే తెలుగువాడికి సినిమానే. బాపు 1973లో అందాల రాముడు తీసినా, శేఖర్ కమ్ముల 2006లో గోదావరి తీసినా పడవను రాజమండ్రి నుంచి భద్రాచలానికే నడిపించారు. ఆ సినిమాల్లో జనం మధ్యమధ్యలో నదిని కూడా చూశారు. మా పడవలో యాంకరొకడు మైకు పట్టుకుని జంటలను పిలిచి డ్యాన్సు చేయించాడు. పాపిడి తీసినట్టు కొండలు రెండుగా విడిపోయి, నది సన్నబడి, అడవి నీళ్ల మీదికి వంగే చోటుకు పడవ చేరేసరికి జనమంతా కొండలకు వీపు పెట్టి తోడల్లుడి స్టెప్పులు చూస్తున్నారు. బామ్మర్ది ఒక్కడు రెయిలింగు దగ్గర ఒంటరిగా నిలబడ్డాడు. వాడు చూస్తున్నదీ కొండలను కాదు, సిగ్నల్ వచ్చిందేమోనని ఫోన్‌ను.

పేరంటాలపల్లిలో దించారు. ముప్పావుగంట. శివుడి గుడి, చల్లటి ఊటనీళ్లు, ఒడ్డున బొంగు చికెన్ పొగ, వెదురుతో చేసిన పూలు, పడవలు. కొండరెడ్ల పెద్దాయనొకాయన వెదురు పడవలు పేర్చుకుని కూర్చున్నాడు. ఆయన ముందే మా వాళ్ల వాదన ముదిరింది.

"ప్యాకేజీయే మేలు, ఒక్క రూపాయి అదనంగా పడలేదు" అంటారు తోడల్లుడు.

"ప్యాకేజీలో ఏముంది బావా, వాళ్లు తోలిన చోటికి పోవడమే గదా" అంటాడు బామ్మర్ది.

ప్యాకేజీ, ప్యాకేజీ అని ఇన్నిసార్లు వినబడేసరికి పెద్దాయన తలెత్తాడు.

"మీకెంతొచ్చిందయ్యా ప్యాకేజీ?"

తోడల్లుడు నవ్వారు. "రావడమేంటి పెద్దాయనా? మేమే కట్టాం."

"మీరే ఎదురు కట్టారా?" ఆయన చేతిలో వెదురు ఆగిపోయింది. "ఏ కాంటూరు మీది?"

అప్పుడు వెలిగింది మాకు. ఈ ఒడ్డున ప్యాకేజీ అన్న మాటకు అర్థం వేరు. పోలవరం ఆనకట్ట నిండితే నీటిమట్టం 150 అడుగులు, మీటర్లలో 45.72. మొదటి దశ 41.15 మీటర్లు. నీళ్లు ఏ ఎత్తు దాకా వస్తాయో చెప్పే ఈ అంకెలే కాంటూర్లు. ఇక్కడి మనిషి తన ఊరి పేరు తర్వాత చెప్పుకునే ఇంటిపేరు అవే. ముంపు ఊళ్లలో లెక్కకొచ్చిన కుటుంబాలు దాదాపు లక్ష. వాళ్లకిచ్చే పునరావాసం పేరూ ప్యాకేజీయే. అందులోనూ అన్నీ కలిపే ఉంటాయి. ఎప్పుడు బయల్దేరాలి, ఏ కాలనీలో దిగాలి, ఎన్ని గజాల్లో సర్దుకోవాలి, అంతా ముందే రాసి ఉంటుంది. గైడు చేతిలో గొడుగు బదులు జాబితా ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేనివాడు ప్యాకేజీ పక్షంలోనూ ఉండడు, సొంత యాత్ర పక్షంలోనూ ఉండడు.

సొంత యాత్రలూ లేకపోలేదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. రెండో దశలో మునుగుతాయని కాగితం మీద రాసిన ఊళ్లు కూడా ఆ వారం ముందే మునిగాయి. నది కాంటూర్లు చదువుకోలేదు. అప్పుడు జనం పిల్లలనూ మేకలనూ బియ్యం మూటలనూ ఎత్తుకుని గుట్టలెక్కి టార్పాలిన్ కింద బస చేశారు. బుకింగు లేదు, బీమా లేదు, ఫోన్లో చుక్క లేదు. బామ్మర్ది మూడు నెలలు గళ్లు గీసి వెతికిన స్వేచ్ఛ వాళ్లకు ఒక్క రాత్రిలో దొరికింది.

పెద్దాయన ఇంకా మా లెక్క తేల్చుకోలేదు. డబ్బు కట్టి మరీ ఊరొదిలి వచ్చినవాళ్లంటే ఆయనకు జాలేసినట్టుంది.

"పోనీ, మళ్లీ మీ ఊరు మీరు పోతారా?"

"పోతాం పెద్దాయనా. రాత్రికల్లా ఇంట్లో ఉంటాం."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అట్లయితే మంచి ప్యాకేజీయే" అన్నాడు.

వెదురు పడవ ఒకటి కొన్నాను. బేరమాడుదామని నోరు తెరిచి మూసుకున్నాను. పడవ హారన్ కొట్టింది. తిరుగు ప్రయాణంలో యాంకరు మళ్లీ పాటలు పెట్టాడు గానీ తోడల్లుడు లేవలేదు. బామ్మర్ది ఫోను జేబులో పెట్టి రెండొడ్లూ చూస్తూ కూర్చున్నాడు. ఏ అంకె ఎక్కడిదాకా వస్తుందో లెక్కేస్తున్నట్టున్నాడు.

ఖమ్మం చేరేసరికి మామగారు తీర్పు రాసుకోవడానికి కాగితం, కళ్లజోడు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఏ పక్షం గెలిచిందని అడిగారు. ఎవరూ పలకలేదు. మా ఆవిడ వెదురు పడవను తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది. పిల్లలు మాత్రం ఆగలేదు. యూరప్ ప్యాకేజీ రంగుల కాగితం నా చేతిలో పెట్టి, "ఇదైతే మీకు సుఖం నాన్నా, సంతకం పెట్టండి" అన్నారు.

పైనుంచి చదవడం మొదలుపెట్టాను. మొదటి వరసలోనే లావు అక్షరాల్లో ఉంది: రానుపోను ఖర్చులన్నీ కలిపి.

పోను సంగతి సరే, అది ఏ ప్యాకేజీలోనైనా ఉంటుంది. నా వేలు మాత్రం "రాను" దగ్గరే ఆగిపోయింది.